పౌర గ్రంథాలయాలు: చట్టాలు, సెస్సు, ప్రభుత్వ నిధులు

కులం, మతం, వయసు, చదువు అనే తేడా లేకుండా ఎవరైనా వచ్చి కూర్చుని చదువుకోగలిగేది, ప్రజల సొమ్ముతో నడిచేది పౌర గ్రంథాలయం. కళాశాల గ్రంథాలయానికి కళాశాల అండగా ఉంటుంది. పరిశోధన సంస్థలో ఉన్నదానికి ఆ సంస్థ ఖర్చు పెడుతుంది. పౌర గ్రంథాలయానికి అలాంటి యజమాని లేడు. అది బడిలా తప్పనిసరి కాదు, ఆసుపత్రిలా అత్యవసరమూ కాదు. అందుకే ప్రభుత్వాలకు డబ్బు కటకట వచ్చినప్పుడు కోత మొదట పడేది దీని మీదే. ఆ కోత నుంచి కాపాడే ఏర్పాటుగా చట్టం వచ్చింది: గ్రంథాలయం నడపడం ప్రభుత్వ బాధ్యత అని రాసి, ఆ బాధ్యతకు ఒక పన్నును ముడిపెట్టడం. యునెస్కో 1949లో వెలువరించి, 1994లోనూ 2022లోనూ సవరించిన పౌర గ్రంథాలయాల ప్రకటన కూడా ఈ సంస్థలకు ప్రత్యేక చట్టం ఉండాలని, ప్రభుత్వాలే నిధులు సమకూర్చాలని చెబుతుంది.

చట్టం ఉన్నంత మాత్రాన సొమ్ము చేరదని తెలుగు రాష్ట్రాల అనుభవం చూపుతుంది. పన్ను వసూలు చేసేది ఒకరు, ఖర్చు పెట్టవలసింది మరొకరు, ఖర్చుకు అనుమతి ఇచ్చేది ఇంకొకరు అయినప్పుడు, పుస్తకాల అలమర నిండేదీ లేనిదీ ఆ ముగ్గురి మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అమలులో ఉన్న 1960 నాటి చట్టం చుట్టూ నడుస్తుంది. ఇతర రాష్ట్రాలు, దేశాల ప్రస్తావన పోలిక కోసం మాత్రమే.

చట్టానికి ముందు

తెలుగు నేలలో తొలి గ్రంథాలయాలు చాలావరకు ప్రభుత్వం పెట్టినవి కావు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వెలిశాయి. ఇవన్నీ చందాలతో, దానాలతో, పనిచేసేవాళ్ల ఓపికతో నిలిచాయి. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాల్వల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఏ చట్టమూ ఆయనను ఆ పని చేయమనలేదు.

తెలంగాణలో పరిస్థితి ఇంకా కష్టం. నిజాం ప్రభుత్వ హయాంలో గస్తీ నిషాన్ 53 పేరుతో అమలైన ఉత్తర్వు సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. తెలుగు పుస్తకాలు పెట్టుకుని నలుగురు చేరే చోటును అధికారులు అనుమానంగానే చూశారు. అక్కడ గ్రంథాలయ కార్యకర్తకు ప్రభుత్వ గ్రాంటు మాట అటుంచి, ప్రభుత్వం అడ్డు రాకపోతే అదే గొప్ప. అలాగని నిజాం రాజ్యంలో ప్రభుత్వ గ్రంథాలయం లేదని కాదు. 1891లో స్థాపించిన అసఫియా గ్రంథాలయం 1936లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది. రాజధాని పండితులకు అది అందింది గాని, పల్లె పాఠకుడికి కాదు.

ప్రభుత్వం పూనుకుంటే ఏమవుతుందో దేశంలో మొదట చూపించింది బరోడా సంస్థానం. మూడవ శాయాజీరావు గాయక్వాడ్ నిర్బంధ విద్య ప్రవేశపెట్టాక, చదువు నేర్చినవాళ్లు మళ్లీ అక్షరాలు మరిచిపోకుండా ఉండాలని 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుడిని రప్పించారు. ఊరివాళ్లు కొంత పోగుచేస్తే జిల్లా బోర్డు అంత, సంస్థానం అంత కలిపే పద్ధతి అక్కడ నడిచింది. ఖర్చులో మూడో వంతు భరించిన ఊరు గ్రంథాలయాన్ని తనదిగా చూసుకుంది. తర్వాత వచ్చిన చట్టాలు చాలావరకు ఈ కీలకాన్ని అందుకోలేదు. బరోడా గ్రంథాలయాల బాధ్యత చూసిన కుదాల్కర్, 1919 నవంబరు 14న మద్రాసులో అయ్యంకి ఏర్పాటు చేసిన అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించారు. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరుపుకునే గ్రంథాలయ వారోత్సవాలకు ఆ తేదీయే మొదలు.

అర పెన్నీ

పన్నుతో గ్రంథాలయం నడపాలన్న ఆలోచనకు చట్టరూపం ఇచ్చినవాటిలో తొలి పెద్ద ప్రయత్నం ఇంగ్లండులో జరిగింది. విలియం ఎవర్ట్ చొరవతో 1850లో వచ్చిన పౌర గ్రంథాలయ చట్టం పదివేలకు పైగా జనాభా ఉన్న పట్టణాలకు మాత్రమే వర్తించింది. పన్ను కట్టేవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. పన్ను రేటు పౌనుకు అర పెన్నీ మించకూడదు. అన్నిటికన్నా విడ్డూరం, ఆ సొమ్ముతో భవనం కట్టవచ్చు, సిబ్బందిని పెట్టుకోవచ్చు గాని పుస్తకాలు కొనకూడదు. పుస్తకాలు దాతలు ఇస్తారని చట్టకర్తలు అనుకున్నారు. 1855లో రేటును ఒక పెన్నీకి పెంచి, పుస్తకాలు కొనే వెసులుబాటు ఇచ్చారు. ఆ పెన్నీ పరిమితి 1919 దాకా తొలగలేదు. దాతలు కట్టించిన భవనాలు పుస్తకాలకూ జీతాలకూ డబ్బు లేక కుంటుపడిన దశాబ్దాలు అవి.

అదే కాలంలో ఆండ్రూ కార్నెగీ ఇంగ్లిషు మాట్లాడే దేశాలలో రెండున్నర వేల గ్రంథాలయ భవనాలకు డబ్బిచ్చారు. అమెరికాలో ఆయన పెట్టిన షరతు ఒకటుంది. ఊరు స్థలం చూపించాలి, భవనానికి ఇచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా నిర్వహణకు పన్నుల నుంచి కేటాయిస్తామని రాసివ్వాలి. ఒక్కసారి ఇచ్చే దానం కన్నా ఏటా వచ్చే కొద్దిపాటి సొమ్మే గ్రంథాలయాన్ని బతికిస్తుందని ఆయన గుర్తించారు. మన దగ్గర ఇప్పటికీ కొత్త భవన ప్రారంభోత్సవం జరిగినంత ఘనంగా వార్షిక పుస్తక బడ్జెట్ గురించి మాట జరగదు.

రంగనాథన్, మద్రాసు చట్టం

ఇంగ్లండులో గ్రంథాలయ శాస్త్రం చదివి వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ అధికారిగా ఉంటూ 1930లో కాశీలో జరిగిన అఖిల ఆసియా విద్యా మహాసభలో ఒక నమూనా గ్రంథాలయ చట్టాన్ని ప్రతిపాదించారు. 1933లో బషీర్ అహ్మద్ సయీద్ మద్రాసు శాసనమండలిలో గ్రంథాలయ బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. మరో పదిహేనేళ్లకు, అవినాశిలింగం చెట్టియార్ విద్యామంత్రిగా ఉన్నప్పుడు 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. కొల్హాపూర్ సంస్థానం 1945లోనే ఒక చట్టం చేసుకున్నా, స్వతంత్ర భారతంలో మొదటిది మద్రాసుదే. 1950లో అమలులోకి వచ్చిన ఈ చట్టం కింద కన్నెమరా గ్రంథాలయం రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది.

రంగనాథన్ పట్టుబట్టి సాధించింది సెస్సు. ఇంటిపన్ను మీద రూపాయికి ఇన్ని పైసలని అదనంగా వసూలు చేసి, ఆ మొత్తాన్ని గ్రంథాలయాలకే వాడాలి. దీని బలం రెండు రకాలది. ఏటా బడ్జెట్ సమయంలో ఆర్థిక శాఖ దగ్గర చేయి చాచే పని తప్పుతుంది. పౌరుడు తన గ్రంథాలయానికి తానే డబ్బు కడుతున్నాడు గనుక దాని సేవ అడిగే హక్కు అతనికి దఖలు పడుతుంది. సెస్సు వసూలుకు సమానంగా ప్రభుత్వం తన వంతు కలపాలన్న నియమం కూడా మద్రాసు చట్టంలో ఉంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసు చట్టమే వారసత్వంగా వచ్చింది. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టం తాను చేసుకుంది. అసఫియా గ్రంథాలయం అప్పుడే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. 1956లో రెండు ప్రాంతాలు కలిశాక కొన్నేళ్లపాటు ఒకే రాష్ట్రంలో రెండు గ్రంథాలయ చట్టాలు నడిచాయి. ఆ రెండింటి స్థానంలో వచ్చిందే 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం.

1960 చట్టం నిర్మాణం

ఈ చట్టం మూడు అంచెల ఏర్పాటు చేసింది. పైన సంచాలకుడి ఆధ్వర్యంలో పౌర గ్రంథాలయ శాఖ, సలహాలకు, సమన్వయానికి రాష్ట్ర స్థాయి గ్రంథాలయ పరిషత్తు, జిల్లాకొక జిల్లా గ్రంథాలయ సంస్థ. జిల్లా సంస్థ కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, శ్రేణులవారీగా శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు నడుస్తాయి. హైదరాబాదు నగరానికి విడిగా నగర గ్రంథాలయ సంస్థ ఉంది. చిక్కడపల్లిలో ఉద్యోగ పరీక్షలకు చదివే యువతతో కిటకిటలాడే నగర కేంద్ర గ్రంథాలయం దాని ఆధ్వర్యంలోదే.

డబ్బు విషయానికొస్తే, ఇంటిపన్ను లేదా ఆస్తిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల సెస్సు. ఏడాదికి 2,000 రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం అందుకు పైన 160 రూపాయలు గ్రంథాలయాలకు కడుతుంది. పన్ను రసీదులో గ్రంథాలయ పన్ను పేరుతో ఆ వరుస కనిపిస్తుంది. చాలామంది దాన్ని చదవరు. చదివినా ఆ సొమ్ము తమ వీధి చివర ఉన్న గ్రంథాలయానిదేనని వాళ్లకు ఎవరూ చెప్పరు. సెస్సుతో పాటు ప్రభుత్వ గ్రాంట్లు, విరాళాలు, సభ్యత్వ రుసుములు కలిసి జిల్లా సంస్థ గ్రంథాలయ నిధి అవుతాయి. సిబ్బంది జీతాలకు ప్రభుత్వ గ్రాంటు, పుస్తకాలు, పత్రికలు, అద్దెలు, భవనాలు వంటి వాటికి సెస్సు అన్నది స్థూలంగా కుదిరిన విభజన.

ఈ విభజనలో మేలుంది. జీతం ఖజానా నుంచి వస్తే ఉద్యోగికి భరోసా. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. జీతాల భారం ప్రభుత్వానిది కాబట్టి ఖాళీల భర్తీకి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆర్థిక శాఖ ఆ దస్త్రాన్ని కదిలించదు. ఉన్నవాళ్లు పదవీ విరమణ చేస్తుంటారు, కొత్తవాళ్లు రారు. ఒకే గ్రంథపాలకుడు రెండు మూడు శాఖలు చూసుకోవలసి వస్తుంది. ఊళ్లో గ్రంథాలయానికి తాళం పడి ఉంటే లోపం చట్టంలో ఉందా, డబ్బులో ఉందా అని వెతకక్కర్లేదు. చాలా సందర్భాల్లో తలుపు తీయడానికి మనిషి లేడు, అంతే.

పాలక మండలి విషయంలోనూ చట్టం ప్రభుత్వానికే పగ్గాలు ఇచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుణ్ణి ప్రజలు ఎన్నుకోరు, ప్రభుత్వం నియమిస్తుంది. ప్రభుత్వం మారితే అధ్యక్షుడూ మారతాడు. ఆ పదవి అధికార పక్షం తన నాయకులకు పంచే నామినేటెడ్ పదవుల జాబితాలో ఒకటిగా ఉండిపోయింది. గ్రంథాలయం అంటే ప్రాణం పెట్టిన అధ్యక్షులు వచ్చిన జిల్లాల్లో మంచి పనులు జరిగిన మాట వాస్తవం. అయితే అది వ్యక్తుల గొప్ప, ఏర్పాటుది కాదు. పాలక మండలి లేని కాలంలో అధికారి ఒకరు పర్సన్ ఇన్‌చార్జిగా ఉంటాడు. అతనికి ఉన్న వంద పనుల్లో ఇది నూటొకటోది.

సెస్సు దారి

చట్టం ప్రకారం సెస్సును విధించేది జిల్లా గ్రంథాలయ సంస్థ. వసూలు చేసేది మాత్రం గ్రామ పంచాయతీ, పురపాలక సంఘం, నగరపాలక సంస్థ. అవి వసూలు చేసిన సొమ్మును గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. మొత్తం వ్యవస్థలో అతి బలహీనమైన మెట్టు ఇదే. సెస్సు ఇంటిపన్నుతో కలిసి స్థానిక సంస్థ ఖాతాలో పడుతుంది. అక్కడ పారిశుద్ధ్య కార్మికుల జీతాలుంటాయి, వీధి దీపాల కరెంటు బిల్లులుంటాయి. వాటి ముందు పుస్తకాల బాకీ ఎప్పుడూ రేపటి సంగతే. ఒక ఏడాది బకాయి మరో ఏడాది బకాయితో కలిసి పెరుగుతుంది. హైదరాబాదు మహానగరపాలక సంస్థ నుంచి రావలసిన బకాయిలు, కర్ణాటకలో బెంగళూరు నగరపాలక సంస్థ ఇవ్వవలసిన బకాయిలు తరచు వార్తల్లోకి వచ్చినవే. పౌరుడు డబ్బు కట్టాడు. చట్టం ప్రకారం అది గ్రంథాలయానిది. మధ్యలో నిలిచిపోయింది. వడ్డీతో సహా రాబట్టే అధికారం, లేదా పన్ను చెల్లింపు రోజునే సెస్సు నేరుగా గ్రంథాలయ నిధికి జమయ్యే ఏర్పాటు లేనంతకాలం ఈ బకాయిల కథ ముగియదు. ఆన్‌లైన్‌లో పన్ను కట్టే ఈ రోజుల్లో రెండో దారికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

సెస్సుకు ఇంటిపన్ను పునాది కావడం వల్ల మరో అసమానత పుట్టింది. పెద్ద నగరం, పరిశ్రమలు ఉన్న జిల్లాలో ఇళ్ల విలువ ఎక్కువ, సెస్సూ ఎక్కువ. పాడేరు, ఉట్నూరు వంటి గిరిజన ప్రాంతాల్లో ఇంటిపన్ను నామమాత్రం. అంటే పుస్తకాలు కొనుక్కోలేని ప్రజలున్న చోటే గ్రంథాలయ నిధి కూడా చిక్కిపోయి ఉంటుంది. దీన్ని సరిచేయవలసింది ప్రభుత్వ గ్రాంటు. వెనుకబడిన ప్రాంతాలకు ఎక్కువ, సంపన్న ప్రాంతాలకు తక్కువ అనే లెక్కతో గ్రాంటు పంచితేనే సెస్సు న్యాయమైన పన్ను అవుతుంది.

పన్ను లెక్క పాతబడటం ఇంకో సంగతి. ఆస్తిపన్ను సవరణ రాజకీయంగా చేదు మాత్ర కాబట్టి ఏళ్ల తరబడి ప్రభుత్వాలు దాన్ని వాయిదా వేస్తాయి. పుస్తకాల ధర, దినపత్రికల చందా, కరెంటు చార్జీ మాత్రం ఆగవు. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి పట్టణాల్లో అద్దె విలువ ఆధారం వదిలి, ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతికి మారింది. పన్ను పెరిగితే దాని మీది సెస్సు తనంతట తానే పెరుగుతుంది. కాగితం మీద ఇది గ్రంథాలయాలకు మంచి కాలం.

పుస్తకాల కొనుగోలు

చట్టం నేరుగా పాఠకుడి చేతిని తాకేది పుస్తకాల ఎంపికలో. రాష్ట్ర స్థాయి కమిటీ ప్రచురణకర్తల నుంచి వచ్చిన పుస్తకాలను పరిశీలించి జాబితా ఇవ్వడం, జిల్లా సంస్థలు దాని ప్రకారం కొనడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. తెలుగులో కథల సంపుటి, కవిత్వం, పరిశోధన గ్రంథం తక్కువ ప్రతులతో అచ్చవుతాయి. అలాంటి పుస్తకానికి గ్రంథాలయాల కొనుగోలే ప్రధానమైన ఆసరా. కొనుగోళ్లు రెండు మూడేళ్లు ఆగితే ఆ దెబ్బ గ్రంథాలయాలతో ఆగదు. చిన్న ప్రచురణకర్త కొత్త పుస్తకం వేయడానికి వెనుకాడతాడు, రచయిత సొంత డబ్బుతో అచ్చువేసుకుని ప్రతులు పంచిపెట్టే పరిస్థితి వస్తుంది. గ్రంథాలయ సెస్సు ఆ రకంగా తెలుగు సాహిత్యానికి ప్రభుత్వం ఇచ్చే అతి పెద్ద పరోక్ష పోషణ. దాని గురించి ఇలా మాట్లాడుకోవడం అరుదు.

కేంద్రీకృత కొనుగోలుకు తన ప్రమాదాలు తనకున్నాయి. పేజీల లెక్కన ధర కట్టడం, ఎవరూ అడగని పుస్తకాలు కట్టలు కట్టలుగా జిల్లాలకు చేరడం, ఊరి పాఠకుడు అడిగిన పుస్తకం మాత్రం దొరకకపోవడం వంటివి. శ్రీకాకుళం పాఠకుడి అభిరుచి, మహబూబ్‌నగర్ పాఠకుడి అవసరం ఒకటే అనుకోవడానికి లేదు. నిధుల్లో కొంత భాగం శాఖా గ్రంథపాలకుడి విచక్షణకు వదిలితే ఈ లోపం చాలావరకు తీరుతుంది.

స్వచ్ఛంద గ్రంథాలయాల గతి

చట్టం వచ్చాక, అంతకు ముందు ప్రజలు నడిపిన గ్రంథాలయాలు చాలావరకు స్థానిక గ్రంథాలయ సంస్థల్లో కలిసిపోయాయి. కొన్నిటిని ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు పెంచిన గౌతమీ గ్రంథాలయం ప్రభుత్వ ప్రాంతీయ గ్రంథాలయమైంది. ఇలా కలవడం వల్ల జీతాలకు, భవనాలకు దిక్కు దొరికింది. మరోవైపు, ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అడిగి తెచ్చిన ఊరి పెద్దలు, యువకులు పక్కకు తప్పుకున్నారు. గ్రంథాలయం ‘ప్రభుత్వ ఆఫీసు’ అయింది. బరోడాలో ఖర్చులో మూడో వంతు ఊరే భరించింది. మనకు సెస్సు రూపంలో ఊరు తన వంతు సొమ్ము భరిస్తున్నా, ఆ భరిస్తున్న సంగతి ఊరికి తెలియకుండా పోయింది. 1960 చట్టం అమలులో నాకు కనిపించే అతి పెద్ద నష్టం ఇది. డబ్బు కొరతతో పోలిస్తే దీన్ని పూడ్చడం కష్టం.

కలవకుండా నిలిచినవీ ఉన్నాయి. 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన భవనంలో వేటపాలెం సారస్వత నికేతనం ఇప్పటికీ సొంత కమిటీ చేతుల్లోనే ఉంది. దాని పాత పత్రికల సంపుటాలు లేకుండా ఇరవయ్యో శతాబ్దపు తెలుగు చరిత్ర రాయడం కష్టం. ఇలాంటి సంస్థలకు చట్టంలో ఎయిడెడ్ గ్రంథాలయాలుగా గ్రాంటు ఇచ్చే వీలుంది. ఆ గ్రాంటు మొత్తాలు మాత్రం పాత కాగితం పొడిబారి రాలిపోకుండా కాపాడే ఖర్చుకు చాలవు.

ఇతర రాష్ట్రాల దారులు

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 12వ అంశం గ్రంథాలయాలను రాష్ట్రాలకు అప్పగించింది. కాబట్టి దేశమంతటికీ ఒకే చట్టం లేదు. కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ చట్టమే లేదు. తమిళనాడు పాత మద్రాసు చట్టాన్నే కొనసాగిస్తూ సెస్సును రూపాయికి 10 పైసలకు పెంచింది. కర్ణాటకలో 1965 నాటి చట్టం కింద 6 పైసల సెస్సు ఉంది. మహారాష్ట్ర 1967 చట్టంలో సెస్సు లేదు. అక్కడ ప్రభుత్వం స్వచ్ఛంద గ్రంథాలయాలకు శ్రేణులను బట్టి గ్రాంటు ఇస్తుంది. అలా 10 వేలకు పైగా గ్రంథాలయాలు ప్రజల చేతుల్లోనే ఉన్నాయి గాని, గ్రాంటు పెంపు కోసం అవి ఏటా ప్రభుత్వం చుట్టూ తిరగాలి. పశ్చిమ బెంగాల్ 1979 చట్టానికీ సెస్సు లేదు. గోవా 1993 చట్టం మద్యం మీద సెస్సు వేసి గ్రంథాలయాలకు మళ్లించింది.

వీటన్నిటిలో కేరళది ప్రత్యేకం. పి.ఎన్. పణిక్కర్ 1945లో మొదలుపెట్టిన గ్రంథశాలా సంఘం వారసత్వాన్ని 1989 చట్టం చెరపలేదు. గ్రంథాలయాలు సభ్యులవే. అవి ఎన్నుకున్న ప్రతినిధులతో తాలూకా, జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో లైబ్రరీ కౌన్సిల్ ఏర్పడుతుంది. సెస్సు 5 శాతమే, మనకన్నా తక్కువ. అయినా అక్కడ ఊరి గ్రంథాలయం సాయంత్రం వేళ జనంతో నిండుగా ఉంటుంది. తేడా రేటులో లేదు. నిధిని ఖర్చుపెట్టే మండలి ఎన్నికైనది, దాన్ని నిలదీసే సభ్యులు ఊళ్లోనే ఉన్నారు.

కేంద్రం చేతిలో ఉన్నవి

గ్రంథాలయాలు రాష్ట్రాల విషయమైనా కేంద్రం ప్రభావం రెండు మార్గాల్లో ఉంది. ఒకటి, 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం. ప్రచురణకర్త ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణ అయిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో పంపాలి. 1956 సవరణతో పత్రికలూ ఇందులో చేరాయి. ఉల్లంఘనకు చట్టం మొదట్లో పెట్టిన జరిమానా 50 రూపాయలు, దానిపై పుస్తకం వెల. ఆ మాత్రం జరిమానాకు భయపడి పుస్తకం పంపేవాళ్లు ఉండరు. తెలుగు పుస్తకాలు పెద్ద సంఖ్యలో చేరవలసిన మద్రాసు కన్నెమరా 1953 తర్వాత పొరుగు రాష్ట్రంలో ఉండిపోయింది. పాత తెలుగు పుస్తకం కోసం మన పరిశోధకులు చెన్నై రైలెక్కడం అప్పటి నుంచీ ఉన్నదే. హైదరాబాదు గాని, తర్వాత అమరావతి గాని ఆ జాబితాలో చేరలేదు.

రెండోది, 1972లో రామమోహన్ రాయ్ ద్విశత జయంతి సందర్భంగా కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్. రాష్ట్రం తన వంతు కడితే దానికి జతగా కేంద్ర వాటా కలిపి పుస్తకాలు, అలమరలు, భవనాలకు ఇచ్చే మ్యాచింగ్ గ్రాంటు దీని ముఖ్యమైన పథకం. రాష్ట్రం తన వాటా కట్టకపోతే కేంద్ర వాటా కూడా చేజారుతుంది. పది రూపాయలు మిగుల్చుకోబోయి ఇరవై పోగొట్టుకునే లెక్క ఇది.

రాజ్యాంగ 73వ సవరణ చేర్చిన పదకొండో షెడ్యూలులో 20వ అంశం గ్రంథాలయాలు. అంటే పంచాయతీలకు అప్పగించదగిన విషయం. తెలుగు రాష్ట్రాల్లో ఆ బదిలీ జరగలేదు. జిల్లా సంస్థల వ్యవస్థే కొనసాగింది. పంచాయతీ సెస్సు వసూలు చేస్తుంది, గ్రంథాలయ నిర్వహణలో దానికి మాట లేదు. సొమ్ము జమచేయడంలో దాని నిరాసక్తతకు ఇదీ ఒక కారణం.

చట్టం ఉన్నా మూతబడినవి

చట్టబద్ధ బాధ్యత ఎంతవరకు కాపాడుతుందో బ్రిటన్ చూపుతుంది. అక్కడి 1964 చట్టం సమగ్రమైన, సమర్థమైన గ్రంథాలయ సేవ అందించడం స్థానిక మండలుల విధి అంటుంది. మంత్రి దాన్ని పర్యవేక్షించాలి. 2009లో విర్రల్ మండలి 11 గ్రంథాలయాలు మూయబోతే ప్రభుత్వం విచారణ వేసింది, మండలి వెనక్కి తగ్గింది. 2010 తర్వాత పొదుపు విధానాల్లో కేంద్ర నిధులు తెగ్గోసినప్పుడు వందల గ్రంథాలయాలు మూతబడ్డాయి, మరికొన్ని స్వచ్ఛంద కార్యకర్తల చేతికి వెళ్లాయి. 2011లో గ్లోస్టర్‌షైర్, సోమర్‌సెట్ మండలుల మూసివేత నిర్ణయాలను హైకోర్టు కొట్టివేసింది. అయితే అది సమానత్వ బాధ్యత పాటించలేదన్న కారణం మీద. ‘సమగ్రం’ అంటే ఎన్ని గంటలు, ఎన్ని పుస్తకాలు, ఎంత దూరంలో అన్నది చట్టం చెప్పదు. చెప్పనిది కోర్టులో నిలబెట్టడం కష్టం.

అమెరికాలో గ్రంథాలయ ఆదాయంలో సింహభాగం స్థానిక పన్నులది. పన్ను పెంపుకు చాలా చోట్ల ఓటర్లే నేరుగా ఓటు వేస్తారు. 1978లో కాలిఫోర్నియా ఆస్తిపన్నుకు పరిమితి విధించిన 13వ ప్రతిపాదన అక్కడి గ్రంథాలయాల పనివేళలను, సిబ్బందిని తెగ్గోసింది. సమాఖ్య నిధులు 1956 చట్టంతో గ్రామీణ ప్రాంతాల కోసం మొదలయ్యాయి. ఆ నిధులకు షరతులు కూడా వచ్చాయి. ఇంటర్నెట్ రాయితీ కావాలంటే కంప్యూటర్లలో ఫిల్టర్లు పెట్టాలన్న 2000 నాటి చట్టాన్ని 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. డబ్బిచ్చే చేయి ఏం చదవాలో కూడా చెప్పగలదని ఆ తీర్పు గుర్తుచేస్తుంది. 2025 మార్చిలో దేశాధ్యక్షుడి ఉత్తర్వు సమాఖ్య గ్రంథాలయ నిధులు పంచే సంస్థనే కుదించమంది.

జిల్లాల విభజన, ఇప్పటి స్థితి

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు 1960 చట్టం రెండు చోట్లా కొనసాగింది. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం తెలంగాణకు దక్కింది. తెలంగాణ 2016లో 10 జిల్లాలను 31 చేసి, 2019లో 33కు పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2022లో 13 జిల్లాలను 26 చేసింది. చట్టం జిల్లాను ప్రమాణంగా తీసుకుంది గనుక జిల్లా చిన్నదైతే సెస్సు పునాదీ చిన్నదవుతుంది. పాత కరీంనగర్ నిధిని నాలుగైదు జిల్లాలు పంచుకోవాలంటే, ఒక్కో చోట కార్యాలయం, వాహనం, అధ్యక్షుడి ఖర్చు పోను పుస్తకాలకు మిగిలేది తగ్గుతుంది.

పాఠకుల అవసరం కూడా మారింది. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది గ్రూప్స్, పోలీసు, ఉపాధ్యాయ ఉద్యోగాలకు చదువుకునే యువత. ఇంట్లో చోటు లేనివాళ్లు, కోచింగ్ ఫీజు కట్టలేనివాళ్లు పొద్దున్నే వచ్చి రాత్రిదాకా కూర్చుంటారు. వాళ్లకు కావలసింది కుర్చీ, వెలుతురు, తాగునీరు, కొత్త సిలబస్ పుస్తకాలు. 1960 చట్టంలో పనివేళల కనీస ప్రమాణం లేదు, జనాభాకు ఇన్ని పుస్తకాలన్న లెక్క లేదు, ఏటా సెస్సులో ఇంత శాతం పుస్తకాలకు తప్పనిసరి అన్న నిబంధన లేదు. డిజిటల్ సేవల ఊసు ఆ కాలానికి ఉండే అవకాశమే లేదు. సవరణ బిల్లు రాసేవారు మొదట పెట్టవలసిన నిబంధనలు ఇవే. వీటితో పాటు, ప్రతి శాఖా గ్రంథాలయం గోడ మీద ఆ ప్రాంతం నుంచి ఆ ఏడాది వసూలైన సెస్సు ఎంత, జమ అయింది ఎంత, పుస్తకాలకు ఖర్చయింది ఎంత అన్న మూడు అంకెలు రాసిపెట్టే నిబంధన కూడా ఉండాలి.